తాడు పట్టిన ఆ నలుగురు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. వాగులో చిక్కుకున్న పిల్లల్ని లైన్‌మన్ కాపాడటం, ఊరంతా అతన్ని భుజాల మీద ఊరేగించడం, చివర్లో మంత్రిగారి శాలువా. భాష బాగుంది. కానీ ఆ చివరి మూడు పేజీలు టీవీ చూసి రాశావు. చదువుతుంటే వెనకాల మ్యూజిక్ కూడా వినిపించింది నాకు.

తప్పు నీ ఒక్కడిది కాదు. పొద్దున లేస్తే సిక్స్ కొట్టినవాడు హీరో, పాటల పోటీలో గెలిచిన పిల్ల హీరో, పర్సు దొరికితే తెచ్చిచ్చిన ఆటో డ్రైవర్ రియల్ హీరో. పర్సు తెచ్చివ్వడం మంచి పనే. మామూలు మనిషి చేసే పనే అది. ఆ సంగతి మనం మరిచిపోతున్నామే అని నా బాధ.

చాలా ఏళ్ల కింద మునుగోడు వైపు మా చుట్టాల ఊళ్లో ఓ పిల్లాడు బావిలో పడ్డాడు. మోటర్లు దించే పని చేసే ఒకాయన దిగి తీశాడు. కాసేపటికే ఒక ఛానల్ వాళ్లు వచ్చారు. ఆయన లుంగీ ఇంకా ఆరలేదు, అరచేతుల్లో తాడు కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. కెమెరా కోసం ఇంకోసారి దిగమన్నారు. దిగాడు. పైకొచ్చాక మైకు పెట్టి, "మీరే రియల్ హీరో, ఎలా ఫీలవుతున్నారు?" అన్నారు.

"నేనొక్కణ్నే కాదు సారూ. నలుగురు తాడు పట్టిండ్రు. వాళ్లు ఇడిస్తే నేను గూడ అండ్లనే ఉంటుంటి."

రాత్రి వార్తల్లో ఆ మాట లేదు. ఆయన మొహం మాత్రం స్లో మోషన్‌లో పదిసార్లు వేశారు. తెల్లారి ఇంకో హీరో.

మన జిల్లా సంగతే చూడు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోతున్నాయి, మాకు కృష్ణా నీళ్లు కావాలని జలసాధన సమితి పిలుపునిస్తే నామినేషన్లు వేసినవాళ్లే అందులో చాలామంది. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. పోతాయని తెలిసే కట్టారు. అప్పట్లో జనరల్ అభ్యర్థికి 500 రూపాయలు. ఆ ఎన్నిక తర్వాతే దాన్ని 10,000 చేశారు. ఆ 500 ఏ బియ్యం డబ్బాలోంచి తీశారో, ఇంటావిడ ఏమందో, ఓడిన మర్నాడు బోరింగు దగ్గర బిందె పెట్టి ఎవరితో ఏం మాట్లాడారో ఎవరైనా రాశారా? నువ్వు రాయగలవు. ఆ తరం వాళ్లు ఇంకా ఉన్నారు, వెళ్లి అడుగు.

నీ కథలోనూ అలాంటి చోటు ఒకటి ఉంది. రెండో పేజీలో లైన్‌మన్ భార్య సద్ది కడుతూ, మూడు నెలల జీతం ఎప్పుడిస్తారని అడుగుతుంది. అతను జవాబు చెప్పకుండా చెప్పులు వేసుకుంటాడు. అక్కడ నా గొంతు పట్టుకుంది. మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టు. శాలువా తీసెయ్. వాగు ఒడ్డున ఎవరెవరు నిలబడ్డారో చూపించు. భయంతో వెనక్కి తగ్గినవాణ్నీ రాయి, వాణ్ని తిట్టకుండా రాయి. పిల్లలు ఒడ్డుకు చేరాక కూడా ఊళ్లో కరెంటు లేదు కదా, అతను తడి బట్టలతోనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోవాలి.

రాశాక తీసుకురా. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. గడియారం సెంటర్లో దిగి ఫోన్ చెయ్యి, నేనే వచ్చి తీసుకెళ్తాను.

మీ అన్న