చేపలో నల్లచుక్కలు... లివర్‌కు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 41. ఈమధ్య చెరువు చేపను శుభ్రం చేస్తుంటే చర్మం కింద గసగసాల్లాంటి నల్లచుక్కలు కనిపించాయి. పట్టించుకోకుండా వండుకుని ఇంట్లో అందరం తిన్నాం. తర్వాత నెట్‌లో చూస్తే అవి ఫ్లూక్ అనే పురుగులనీ, వాటివల్ల లివర్ కేన్సర్ వస్తుందనీ ఉంది. అప్పటి నుంచీ ఒకటే టెన్షన్. ఆరేళ్ల కిందట ఉద్యోగరీత్యా ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఉన్నప్పుడు పచ్చి చేప వంటకాలు కూడా చాలాసార్లు తిన్నాను. ప్రస్తుతం ఏ ఇబ్బందీ లేదు. ఒక ఆల్బెండజోల్ మాత్ర వేసుకుంటే సరిపోతుందా?

జవాబు: ముందు ఆ నల్లచుక్కల సంగతి. మీరు చదివినదాంట్లో సగం నిజమే. అవి ఒక రకం ఫ్లూక్ లార్వాలు. చేప శరీరం వాటి చుట్టూ నల్లటి రంగు చేరుస్తుంది కాబట్టి కంటికి కనిపిస్తాయి. అయితే అవి సాధారణంగా చేపల్ని తినే పక్షుల్లో పెరిగే రకం, మనుషుల లివర్ జోలికి రావు. పైగా మీరు ఉడికించి తిన్నారు. ఆ భోజనం గురించి ఇక ఆలోచించకండి.

మనకు చేటు చేసే లివర్ ఫ్లూక్‌ల లార్వాలు అసలు కంటికి ఆనవు. మిల్లీమీటరులో దాదాపు ఐదో వంతే ఉండే తిత్తుల్లో, చేప కండలో దాక్కుని ఉంటాయి. నిగనిగలాడే తాజా చేపలోనూ ఉండొచ్చు. అందుకే చేపను చూసి మంచిదో కాదో తేల్చుకోవడం ఇక్కడ కుదరదు.

నేను పట్టించుకునేది మీ థాయ్‌లాండ్ రోజులనే. ఈశాన్య థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా ప్రాంతాల మంచినీటి చేపల్లో, ముఖ్యంగా కార్ప్ జాతి చేపల్లో, ఒపిస్తార్కిస్ వివెరిని అనే ఫ్లూక్ ఉంటుంది. చైనా, కొరియా, ఉత్తర వియత్నాంలలో దీని దాయాది క్లోనార్కిస్ కనిపిస్తుంది. రోగి మలంలోని గుడ్లు నీటిలో కలిస్తే నత్తలు తింటాయి. నత్తలో పెరిగిన లార్వాలు బయటికొచ్చి చేప కండలోకి దూరతాయి. ఆ చేపను పచ్చిగా తిన్నవారి పేగులో తిత్తి విడిపోయి, పిల్ల పురుగు లివర్ నుంచి పైత్యరసాన్ని మోసుకెళ్లే పిత్తనాళాల్లోకి పాక్కుంటూ వెళ్లి అక్కడే కాపురం పెడుతుంది. ఏళ్ల తరబడి, కొన్నిసార్లు 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. అందుకే ఇప్పుడు బాగానే ఉన్నానన్న మీ మాటతో నేను పరీక్ష మానేయమనలేను.

కేన్సర్ మాట అబద్ధం కాదు. ఒపిస్తార్కిస్ వివెరినిని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే కేన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో కేన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, చేర్చింది. 2009లో క్లోనార్కిస్ కూడా ఆ జాబితాకెక్కింది. వచ్చేది పిత్తనాళాల కేన్సర్. కానీ అది సాధారణంగా ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ సోకుతూ, నాళాలు వాచిపోతూ ఉన్నవారిలో వస్తుంది. కొంతకాలం తిన్నంత మాత్రాన కేన్సర్ ఖాయమని అనుకోవద్దు.

మీరు చేయాల్సింది మలపరీక్ష. గుడ్లు మరీ చిన్నవి, రోజూ పడవు కూడా. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ ఇవ్వండి. లివర్ ఫ్లూక్ గుడ్ల కోసం చూడమని, ఫలానా దేశంలో పచ్చి చేప తిన్నానని ల్యాబ్‌లో చెప్పండి. చెప్పకపోతే వాళ్లు మామూలు నులిపురుగుల కోసం చూసి నార్మల్ అని రాసిచ్చే అవకాశం ఉంది. దీంతోపాటు ఒక అల్ట్రాసౌండ్, రక్తంలో ఈసినోఫిల్స్ (ఇలాంటి పురుగులు సోకినప్పుడు పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) పరీక్ష చేయిస్తే మంచిది.

ఆల్బెండజోల్ ఒక్క మాత్ర నులిపురుగులకు పనికొస్తుంది గానీ ఫ్లూక్‌లకు సరిపోదు. దీనికి వాడేది ప్రాజిక్వాంటెల్. బరువును బట్టి డోసు నిర్ణయిస్తాం, మూడు రోజుల్లోపే కోర్సు పూర్తవుతుంది. కాస్త తల తిరగడం, వికారం ఉండొచ్చు. సొంతంగా మాత్రం వేసుకోకండి. కంట్లోగానీ మెదడులోగానీ బద్దెపురుగు తిత్తులున్నవారికి ఈ మందుతో చూపు దెబ్బతినడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. ఒకసారి మందు వాడితే మళ్లీ సోకదనే హామీ కూడా లేదు.

మీ నుంచి ఇంట్లోవాళ్లకు అంటుకోదు. గుడ్డు నత్తనూ చేపనూ దాటి రావాల్సిందే.

ఇకపై మంచినీటి చేపను లోపలి దాకా ఉడికించండి, 63 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు. నిమ్మరసం పిండితే కండ తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది కానీ లోపలి లార్వాలు చావవు. ఉప్పులో ఊరబెట్టడాన్నీ నమ్ముకోవద్దు. గడ్డకట్టించాలంటే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచాలి, ఇంటి ఫ్రిజ్‌లు చాలావరకు అంత చల్లబడవు.

కామెర్లు, చలిజ్వరం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి కనిపిస్తే మాత్రం మలపరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.