బయటి గోడల ప్లాస్టరింగులో ఎక్స్‌పాన్షన్ జాయింటు ఎక్కడ వదలాలి?

భీమవరంలో 18 మీటర్ల పొడవున ఇల్లు కడుతున్నామని, బయటి ప్లాస్టరింగులో మూడేసి మీటర్లకు ఒక ఎక్స్‌పాన్షన్ జాయింటు, అంటే కదలికకు చోటిచ్చే సందు, వదలాలని తాపీ మేస్త్రీ, అసలు అక్కర్లేదని ఇంజనీరు అంటున్నారని మీరు రాశారు. అమలాపురం దగ్గర మా ఇంటికి ఇదే విషయంలో నేను తప్పు చేసి దిద్దుకున్నాను కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను.

మా పాత ఇంటికి ఆనించి 2011లో రెండు గదులు కట్టించాము. గోడలు తాకుతున్నాయే గాని పునాదులు వేరు. అతుకు బయటికి కనబడకూడదని రెండు గోడల మీదా ఒకే పూతగా ప్లాస్టరింగు చేయించాను. తరువాతి వేసవికే ఆ అతుకు వెంట నిలువునా పగులు వచ్చింది. పుట్టీ పెట్టించి రంగు వేయిస్తే మరుసటి ఏడు మళ్లీ తేలింది. చికెన్ మెష్ (సన్నని ఇనుప తీగల వల) కొట్టించి పూయిస్తే ఈసారి మెష్ అంచున, జానెడు పక్కగా వచ్చింది. చివరికి ఆ గీత వెంట పూతను గోడదాకా కోయించి, 12 మిల్లీమీటర్ల సందు వదిలి, దానిని రబ్బరులా సాగే సీలెంటుతో నింపించాక గాని ఆ బాధ తీరలేదు.

పూత మందం 15, 20 మిల్లీమీటర్లే; వెనకనున్న గోడ ఎటు కదిలితే అదీ అటే పోవాలి. అందువల్ల గోడలో జాయింటు ఉంటే అది అదే చోట పూతలోనుంచి బయటిదాకా రావాలి, దాని మీదుగా పూత పూయకూడదు. వెనక గోడ ఏకంగా ఉన్నచోట పూతను మాత్రమే కోస్తే, ఆరేటప్పుడు వచ్చే సన్నని నెర్రెలను ఆ గాడి కొంత తనవైపు లాక్కోవచ్చు గాని గోడ కదలికను భరించలేదు.

మీ 18 మీటర్ల ఇల్లు ఒకే ఫ్రేము (స్తంభాలు, బీములు కలిసిన చట్రం), ఒకే పునాది అయితే ఇంజనీరు మాటే సరైనది. కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సాధారణంగా 45 మీటర్లు దాటిన కట్టడాలకే ఎక్స్‌పాన్షన్ జాయింటు ఆలోచిస్తారు. అయితే కాంక్రీటు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది, అంటే 25 డిగ్రీల తేడాకు మీ పొడవులో దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు. కాల్చిన ఇటుక సాగేది అందులో ఇంచుమించు సగమే. బీము, ఇటుక కలిసేచోట పగుళ్లు రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. అక్కడ అతుకుకు ఇరువైపులా 150 మిల్లీమీటర్ల చొప్పున మెష్ వేయించండి. పై అంతస్తులో ఎండంతా స్లాబు మీదే పడుతుంది కాబట్టి, దాని అడుగున పూతలో అడ్డంగా గాడి తీయించడమే మేలని నా అభిప్రాయం.

సిమెంటు ఇటుకల సంగతి వేరు. అవి ఆరేకొద్దీ కుంచించుకుపోతాయి కనుక, పొడవైన గోడకు సుమారు ఆరు మీటర్లకొకటి చొప్పున కట్టుబడిలోనే జాయింటు ఉండాలి. పొడవాటి ప్రహరీకైతే ఏ ఇటుకైనా పునాది నుంచే జాయింట్లు వదలండి.

మన డెల్టాలో మరొకటి గమనించాలి. వేసవిలో కాలువలు కట్టేశాక రేగడి నేల ఎండి కుంగుతుంది, వానలు పడ్డాక ఉబ్బుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పోతూ మే నెలలో వెడల్పయ్యి వానాకాలంలో సన్నబడే పగులు సాధారణంగా పునాదికి సంబంధించినది. దానికి ప్లాస్టరింగులో ఎన్ని జాయింట్లు వదిలినా ఫలితం ఉండదు. ముందు ఇంజనీరుకు చూపించండి.

పోర్టికోకో మెట్ల గదికో పునాది వేరుగా వేస్తే అక్కడ మాత్రం తప్పక జాయింటు వదలండి. సందులో సిమెంటు ముద్దలు ఒక్కటి కూడా మిగలకూడదు. లోపల ఫోము తాడు దూర్చి, దాని మీద వెడల్పులో సగం లోతున పాలీయురేతేన్ సీలెంటు పెట్టించాలి. సీలెంటు రెండు అంచులకే అంటుకోవాలి, వెనక అంటుకుంటే సాగలేక చిరిగిపోతుంది.