డాక్టర్ సలహా: గోల్ఫ్ సరే, రోజూ మింగుతున్న ఆ నొప్పి మాత్ర సంగతేంటి?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు పది గంటలు కుర్చీలోనే. 2025 ఏప్రిల్‌లో గోల్ఫ్ ఆటగాడు రోరీ మెకల్‌రాయ్ మాస్టర్స్ టోర్నీ గెలిచినప్పుడు తెల్లవారుజాము దాకా మేలుకుని చూశాను. అప్పటి నుంచి గోల్ఫ్ పిచ్చి పట్టుకుంది. రెండు నెలలుగా డ్రైవింగ్ రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే మైదానం) వెళ్తున్నాను. కోచ్ లేడు, యూట్యూబ్ చూసి నేర్చుకుంటున్నా. శని, ఆదివారాలు రోజుకు 150 నుంచి 200 బంతులు కొడతాను. కుడిచేతి వాటం. ఎడమ మోచేయి బయటి వైపు నొప్పిగా ఉంటోంది. మూడు వారాలుగా ఎడమ రెక్క కింద, పక్కటెముకల దగ్గర పోటు కూడా మొదలైంది. దగ్గినా, ఆ వైపు తిరిగి పడుకున్నా ఎక్కువవుతుంది. కండరం పట్టేసిందనుకుంటున్నా. రేంజ్‌కి వెళ్లే ముందు ఒక డైక్లోఫెనాక్, వచ్చాక ఒకటి, ఆఫీసు రోజుల్లో కూడా ఒకటి వేసుకుంటే సర్దుకుంటోంది. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. షుగర్ బోర్డర్‌లో ఉంది. నాన్నగారికి 56 ఏళ్లకు గుండెపోటు వచ్చింది. మోచేతికి ఎలాంటి బ్యాండ్ మంచిది? గ్రాఫైట్ షాఫ్ట్ (కర్ర) ఉన్న క్లబ్బులు కొంటే నొప్పి తగ్గుతుందా? ఈ వయసులో మొదలుపెడితే 18 హోల్స్, అంటే పూర్తి రౌండ్, ఆడే స్థాయికి ఎన్నాళ్లు పడుతుంది?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగినవి మూడు. వాటి సంగతి చివర్లో చూద్దాం. మధ్యలో ఏదో మాటవరసకు చెప్పినట్టు రాసిన రెండు విషయాల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి ఎడమ వైపు పోటు, రెండోది రోజూ డైక్లోఫెనాక్.

ముందు ఆ పోటు. 47 ఏళ్లు, బీపీ, బోర్డర్‌లో షుగర్, తండ్రికి 56 ఏళ్లకే గుండెపోటు, పగలంతా కుర్చీ. ఇన్ని ఉన్న మనిషి ఎడమ వైపు నొప్పి అంటే ఏ డాక్టరూ ఉత్తరం చదివి 'కండరమేలెండి' అనడు. దగ్గితే, పక్కకు తిరిగితే పెరుగుతోందంటే ఛాతీ గోడకు సంబంధించినదై ఉండే అవకాశమే ఎక్కువ. అయినా షుగర్ వైపు మొగ్గుతున్నవాళ్లలో గుండె నొప్పి ఎప్పుడూ పుస్తకంలో రాసినట్టే రాదు. అందుకే ఈ వారంలో ఒకసారి ఫిజీషియన్‌కి చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. అవసరమైతే ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) గురించి ఆయనే చెబుతారు. ఈలోగా మెట్లెక్కినప్పుడు ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, ఆయాసం, చల్లటి చెమటలు కనిపిస్తే ఆగకండి. 108కి ఫోన్ చేయండి. జ్వరం, కఫంలో రక్తం, ఒక కాలు మాత్రమే వాయడం లాంటివి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని తేలితే నా అనుమానం పక్కటెముక మీదికి వెళ్తుంది. కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టి ఒక్కసారిగా వందల బంతులు కొట్టేవాళ్లలో పక్కటెముకకు సన్నని పగులు రావడం మాకు తెలిసిన విషయమే. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. కిందపడనక్కర్లేదు, దెబ్బ తగలనక్కర్లేదు. కుడిచేతి వాటం వాళ్లకు సాధారణంగా ఎడమ వైపే, వెనక పక్కగా వస్తుంది. స్వింగ్‌లో రెక్క ఎముకను పట్టి ఉంచే కండరం అలిసిపోతే ఆ లాగుడంతా ఎముక మీద పడుతుంది. అలవాటు లేని శరీరం, వారమంతా కదలిక లేదు, శనివారం పొద్దున్నే 200 బంతులు. మీ వర్ణన దీనికి బాగా దగ్గరగా ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

ఇందులో చిక్కేమిటంటే, మొదటి వారాల్లో మామూలు ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనిపించదు. 'ఎక్స్‌రే నార్మల్ సార్' అని చాలామంది మళ్లీ ఆటకెళ్లిపోతారు. వేలితో ఎముక మీద నొక్కితే ఒకే చోట జివ్వుమంటే డాక్టరుకు అనుమానం రావాలి. అప్పుడు ఎంఆర్ఐ గానీ, సీటీ గానీ, బోన్ స్కాన్ గానీ చేయించమంటారు. పగులే అయితే ప్రధాన వైద్యం విశ్రాంతి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మీకు ఇష్టమైన ఆటగాడి సంగతే చెబుతాను. 2017 జనవరిలో దక్షిణాఫ్రికా ఓపెన్ ఆడుతూ మెకల్‌రాయ్ వెన్ను నొప్పి అన్నాడు. తీరా చూస్తే పక్కటెముకకు స్ట్రెస్ ఫ్రాక్చర్. మళ్లీ ఆడింది మార్చిలో. చిన్నప్పటి నుంచీ క్లబ్బు పట్టుకున్న మనిషికే అలా అయింది.

అందుకని పరీక్షలయ్యేదాకా రేంజ్ బంద్. ఒక్క బకెట్ బంతులు కూడా వద్దు.

ఇక అసలు విషయం. నొప్పి అంటే ఏమిటి? 'ఇక్కడ ఏదో తేడాగా ఉంది, ఆగు' అని శరీరం చెప్పే మాట. మీరు ఆడడానికి ముందే మాత్ర వేసుకుని దాని నోరు మూసేస్తున్నారు. పగులు నిజంగా ఉంటే, నొప్పి తెలియకుండా దాని మీదే మళ్లీ 200 సార్లు స్వింగ్ చేస్తున్నారన్నమాట. ఇదొక్కటే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు. మీరు వాడే బీపీ మాత్రతో కలిపి చూస్తే నాకు టెన్షన్ మొదలైంది.

కిడ్నీని ఒక చెరువు అనుకోండి. వడపోత సరిగ్గా జరగాలంటే అందులో నీటి ఒత్తిడి ఉండాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువను బిగించేస్తాయి. టెల్మిసార్టన్ బయటికి వెళ్లే తూమును వదులు చేస్తుంది. మామూలుగా అది మంచిదే, దీర్ఘకాలంలో చాలామందికి కిడ్నీని కాపాడేది కూడా అదే. మూడోది హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లోంచి నీటినే తగ్గిస్తుంది. పైనుంచి నీళ్లు రావు, కిందినుంచి పోతుంటాయి, ఉన్నవి ఎండుతుంటాయి. ఆ మీద మీరు హైదరాబాద్ ఎండలో రెండు గంటలు చెమట కక్కి వస్తారు. ఈ మూడు మందులూ కలిస్తే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందని డాక్టర్లందరికీ తెలుసు. ఇబ్బందేమిటంటే, మొదట్లో ఏ నొప్పీ ఉండదు, మూత్రం కూడా మామూలుగానే వస్తున్నట్టు అనిపిస్తుంది.

కిందటి వేసవిలో నా దగ్గరికి ఒకాయన వచ్చారు. గోల్ఫ్ కాదు, షటిల్. మోకాలి నొప్పికి నాలుగు నెలలుగా రోజూ మాత్ర, బీపీకి సరిగ్గా మీలాంటి మందే. నీరసం, వాంతులు వస్తుంటే 'గ్యాస్ సార్' అన్నారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తే 4 దాటింది, ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. అదృష్టం బాగుంది, మాత్రలు ఆపి సెలైన్ పెడితే చాలావరకు కోలుకున్నారు. అందరూ కోలుకోరు. ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: 'గ్యాస్ ట్యాబ్లెట్ కూడా కలిపే వేసుకున్నా కదా సార్!' అయ్యా, పరగడుపున వేసుకునే పాంటప్రజోల్ కాపాడేది కడుపును. కిడ్నీకి దానితో ఒరిగేదేమీ లేదు.

మీ ఆటలో మంచి స్కోర్లన్నిటికీ పిట్టల పేర్లే కదా, బర్డీ, ఈగిల్, ఆల్బట్రాస్ అని. డైక్లోఫెనాక్ పేరు వింటే నాకు ఇంకో పిట్ట గుర్తొస్తుంది. పశువులకు ఈ మందు ఇస్తే, వాటి కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. 2006లో మన ప్రభుత్వం పశువుల కోసం దీన్ని తయారు చేయడమే నిషేధించింది. మనుషులు రాబందులంత సున్నితం కాదు, అవసరమైనప్పుడు కొద్ది రోజులు నేనూ రాస్తాను. కానీ అది మెడికల్ షాపులో చాక్లెట్ అడిగినట్టు అడిగి తెచ్చుకునే మందు కాదు. చట్టం ప్రకారం చీటీ ఉండాలి. చీటీ లేకుండా ఇచ్చిన షాపువాళ్లది ఎంత తప్పో, అడిగినవాళ్లదీ అంతే. కోప్పడుతున్నానని అనుకోకండి. ఇంజినీరు కదా, టెస్టింగ్ లేకుండా కోడ్ రిలీజ్ చేస్తారా మీరు?

ఇంకొకటి. ఈ మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పని తగ్గిస్తాయి. రోజూ వాడితే గుండె ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది. మీ కుటుంబ చరిత్ర ఇంతకుముందే మాట్లాడుకున్నాం.

కాబట్టి డైక్లోఫెనాక్ ఈ రోజే ఆపేయండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఇది చదివి భయపడి రెండూ మానేసేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చేయించండి. నొప్పికి తాత్కాలికంగా పారాసెటమాల్ కొంత నయం. అదీ లివర్ సమస్య, మద్యం అలవాటు లేకపోతేనే, మీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. స్ట్రిప్ మీద పేరు పూర్తిగా చదవండి. పారాసెటమాల్ అనుకుని కొనేవాటిలో అసెక్లోఫెనాక్ కలిసినవి చాలా ఉన్నాయి. అది డైక్లోఫెనాక్‌కి తమ్ముడే.

మోచేయి గురించి క్లుప్తంగా. మోచేయి లోపలి వైపు నొస్తే గోల్ఫర్స్ ఎల్బో, బయటి వైపు నొస్తే టెన్నిస్ ఎల్బో అంటారు. పేర్లను బట్టి మోసపోకండి, గోల్ఫ్ ఆడేవాళ్లకు, అందులోనూ కుడిచేతి వాటం వాళ్లకు, ఎడమ మోచేయి బయటి వైపు నొప్పి రావడం మామూలే. కారణం చాలాసార్లు రెండే: క్లబ్బును పాము మెడ పట్టుకున్నట్టు బిగించి పట్టడం, రేంజ్‌లో సిమెంటు మీద పరిచిన మ్యాట్. గడ్డి మీద బంతికి వెనక తగిలితే నేల కొంచెం లేస్తుంది. మ్యాట్ మీద ఆ దెబ్బ తిరిగి మోచేతికే వస్తుంది. బ్యాండ్ ఏ కంపెనీదైనా పర్వాలేదు. ఎముక బొడిపెకు రెండు వేళ్ల కిందగా, చేయి తిమ్మిరెక్కనంత బిగువుగా, పని చేసేటప్పుడు మాత్రమే కట్టుకోవాలి. గ్రాఫైట్ షాఫ్ట్ అదురును కొంత తగ్గించొచ్చు, జబ్బును తగ్గించదు. ఆ డబ్బు ముందు ఫిజియోథెరపిస్టుకు, ఆ తర్వాత కోచ్‌కు పెట్టండి. ఎవరైనా వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే కాస్త ఆలోచించండి. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, తర్వాత తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

18 హోల్స్‌కి ఎన్నాళ్లు అన్నది నా సబ్జెక్ట్ కాదు, కోచ్‌ని అడగాలి. వయసు మాత్రం అడ్డు కాదు. నడిచి ఆడితే 18 హోల్స్‌కి ఎనిమిది, పది కిలోమీటర్లు అవుతుంది. మీకు నిజంగా కావలసిన వ్యాయామం అదే. మీ షుగర్‌కి నేను రాసే మొదటి మందు కూడా నడకే. టైగర్ వుడ్స్ 2017లో నడుము ఎముకలను కలిపి అతికించే ఫ్యూజన్ ఆపరేషన్ చేయించుకుని, 2019లో 43 ఏళ్లకు మాస్టర్స్ గెలిచాడని మీరు నాకు చెప్పొచ్చు. ఆయన వెనక ఒక వైద్య బృందం ఉంటుంది, మీ వెనక ఆఫీసు కుర్చీ ఉంది.

డాక్టర్ అనుమతి ఇచ్చాక మొదట పటింగ్ (బంతిని గుంటలోకి మెల్లగా దొర్లించడం), చిన్న చిప్ షాట్లతో (దగ్గరి నుంచి కొంచెం లేపి కొట్టడం) మొదలుపెట్టండి. ఒంటిని మెలితిప్పే పని తక్కువ. తర్వాత సెవెన్ ఐరన్ అనే మధ్యరకం క్లబ్బుతో సగం స్వింగ్, 30 నుంచి 40 బంతులు, మధ్యలో ఒక రోజు విరామం. దూరం కొట్టే డ్రైవర్ క్లబ్బు బయటికి తీయడానికి తొందరేం లేదు. ముందు పది నిమిషాలు వేగంగా నడిచి, భుజాలు, నడుము వదులు చేసుకోండి. వారం మధ్యలో రెండు రోజులు పొట్ట, పిరుదులు, రెక్క కండరాలకు వ్యాయామాలు ఫిజియో నేర్పిస్తారు. నడుము నొప్పి మొదలై కాల్లోకి జివ్వున పాకితే ఆపి చూపించుకోండి. ఎడమ అరచేతిలో చిటికెన వేలి కింద, క్లబ్బు చివర తగిలే చోట నొప్పి వస్తే అదీ వదిలేయొద్దు. అక్కడ ఒక చిన్న ఎముక విరుగుతుంది, తరచూ కనిపెట్టలేకపోతారు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. నీళ్లు వెంట ఉండాలి. మీ మందు వల్ల మీకు నీరు తొందరగా తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఉరుము వినిపిస్తే ఆట ఎంత రసపట్టులో ఉన్నా భవనంలోకో కారులోకో వెళ్లిపోవాలి. చెట్టు కింద నిలబడొద్దు. మన రెండు రాష్ట్రాల్లో పిడుగుల వార్తలు ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. ఖాళీ మైదానంలో ఇనప కర్ర పైకెత్తి నిలబడే ఆట ఇది.

బయట పేషెంట్లు ఎదురు చూస్తున్నారు, ఆపుతాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న మందుల స్ట్రిప్‌లన్నీ, ఎప్పుడో ఒకసారి వేసుకునేవి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని డైక్లోఫెనాక్ వేసుకున్నారో తగ్గించి చెప్పకండి.

(ఇది సాధారణ అవగాహన కోసం ఇచ్చిన సలహా మాత్రమే. మిమ్మల్ని నేరుగా పరీక్షించిన డాక్టర్ సూచనకు ఇది ప్రత్యామ్నాయం కాదు.)