పని ఆగిన క్వారీకి ఇన్‌స్పెక్షన్ ఎందుకు?

గనులు, క్వారీల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, చీమకుర్తి పక్కన మా నాన్నగారి పేరు మీద చిన్న గ్రానైట్ క్వారీ ఉంది. మంచి రాయి పడక ఐదేళ్ల కిందట పని ఆపేశారు. పోయినేడు నాన్నగారు పోయారు. మెషిన్లు అమ్మేశాం, అక్కడ ఒక్క మనిషి కూడా లేడు. గుంత నిండా నీళ్లే. ఇప్పుడు గనుల భద్రత శాఖ నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నామని ఉత్తరం వచ్చింది. పనే లేని చోట ఏం చూస్తారు? నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, వెళ్లకపోతే కుదరదా? వాళ్లు వచ్చేలోపు నలుగురు కూలీలను పెట్టి నీళ్లు తోడించి, వేలాడుతున్న రాళ్లు పడగొట్టిద్దామనుకుంటున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: బాబూ, మీ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. మీ ఉత్తరంలో ప్రాణం మీదికి వచ్చే విషయం అదొక్కటే. దయచేసి కూలీలను ఆ గుంతలోకి పంపకండి.

ఐదు వానాకాలాలు తడిసిన గోడ అది. పైనుంచి చూస్తే గట్టి రాయే అనిపిస్తుంది. కానీ పగుళ్ల మధ్య ఉన్న మట్టి కరిగి కారిపోయి ఉంటుంది, చెట్ల వేళ్లు దిగి ఉంటాయి. నీళ్లు తోడేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇన్నాళ్లూ గోడకు ఆనుకుని నిలబడ్డ నీరు పోతుంది. పగుళ్లలోకి దిగిన నీరు మాత్రం లోపలే ఉండి బండను బయటికి నెడుతుంది. మోటారు పక్కన కూర్చున్న మనిషి మీద పెళ్లలు విరిగిపడేది అప్పుడే. పైగా ఆ నీళ్ల అడుగున మందుగుండు కూరినా పేలకుండా మిగిలిన రంధ్రం ఏదైనా ఉందో లేదో మీకు తెలియదు, మీరు పెట్టే కూలీకి అసలే తెలియదు.

రూల్ ప్రకారం చూసినా ఇది తప్పే అవుతుంది. 60 రోజులకు మించి ఆగిన గనిని మళ్లీ తెరవాలంటే, కనీసం 30 రోజుల ముందు భద్రత శాఖకు నోటీసు ఇవ్వాలి. అర్హత ఉన్న మేనేజర్‌ని పెట్టుకోవాలి. ఇవేవీ లేకుండా మనుషుల్ని దింపితే, ఇన్‌స్పెక్టర్ గారిని మెప్పించడానికి చేసిన పనే మీ మీద రాసే మొదటి ఉల్లంఘన అవుతుంది. గుంత ఎలా ఉందో అలాగే చూపించండి. ఊడిపోయేలా ఉన్న రాళ్లను తీయించాలని వాళ్లు చెబితే, అనుభవం ఉన్న మేట్ (పనివాళ్లను దగ్గరుండి నడిపించే మనిషి) చేత, పైనుంచి తాడూ బెల్టూ కట్టుకుని దిగే మనుషులతో, తర్వాత పద్ధతిగా చేయించవచ్చు.

ఇక పనే లేని చోట ఏం చూస్తారన్నారు. నేను సైదాపురం మైకా గనుల్లో మేట్‌గా మొదలుపెట్టి, చీమకుర్తిలో క్వారీ మేనేజర్‌గా రిటైరైనవాణ్ణి. ఒకసారి మేం ఆపేసిన గుంతను చూడటానికి వచ్చిన అధికారి జీపు దిగి, నేను చంకలో పెట్టుకున్న రిజిస్టర్ల వైపు చూడనే లేదు. గుంత అంచు వెంబడి నడక మొదలుపెట్టారు. నేను వెనకాలే వెళ్లాను. ఒకచోట ఆగి నేల మీద మేక పెంటికలు చూపించి, "ఇక్కడిదాకా మేకలొస్తున్నాయంటే వాటి వెనక ఒక పిల్లాడు కూడా వస్తున్నాడు కదా" అన్నారు. చూస్తే ముళ్లతీగ అక్కడ తెగి ఉంది. ఆయన రిజిస్టర్లు అడిగింది చుట్టూ తిరగడం పూర్తయ్యాకే. పని నడిచే క్వారీలో చూసేది పనివాళ్ల భద్రత. పని ఆగిన క్వారీలో చూసేది అక్కడికి ఎవరూ రమ్మనకుండా వచ్చేవాళ్ల భద్రత. ఈతకొచ్చే పిల్లలు, బట్టలు ఉతుక్కునేవాళ్లు, గేదెల వెంట వచ్చేవాళ్లు. చెరువుకైతే ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, కాలు ఆనుతుంది. క్వారీ గుంతలో మొదటి అడుగే నిలువు లోతు. పడినవాడికి పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు. ఎండాకాలం సెలవుల్లో ఈ గుంతల్లో పిల్లలు మునిగిపోయారన్న వార్త పేపర్లో కనబడితే నాకు ఆ పూట ముద్ద దిగదు.

అందుకే మీరు డబ్బు ఖర్చు పెట్టదలిస్తే కంచె మీద పెట్టండి. ఇన్‌స్పెక్షన్‌కు ముందే మొదలుపెట్టవచ్చు, దానికి గుంతలోకి దిగక్కర్లేదు. గుంత పైఅంచు చుట్టూ గట్టి కంచె ఉండాలి. ప్రజలు తిరిగే రోడ్డుకో, ఇళ్లకో 15 మీటర్ల లోపు గుంత వచ్చి ఉంటే అక్కడ ఇంకా పటిష్ఠంగా ఉండాలి. నన్నడిగితే ముళ్లతీగ వద్దంటాను. ఆరు నెలల్లో కర్రలు ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోతారు. మీ డంపులోనే, అంటే తీసిపారేసిన రాళ్ల గుట్టలోనే, కావలసినంత రాయి ఉంది, దానితోనే నడుం ఎత్తు గోడ లేపించండి. పని చేసేవాళ్లు అంచుకు బాగా వెనగ్గా ఉండాలి. అంచు నుంచి 3 మీటర్ల లోపు వదులు రాళ్లు, చెట్లు ఉండకూడదని కూడా రూల్ ఉంది. అయితే ఆ పని మేట్ లేకుండా ముట్టుకోవద్దు. తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రమాద హెచ్చరిక బోర్డు పెట్టించండి. లారీలు వెళ్లే పాత బాటకు అడ్డంగా కందకం తీయించండి.

వెళ్లకపోతే కుదరదా అన్నారు. వెళ్లండి బాబూ. పగలైనా రాత్రైనా గనిలోకి వచ్చి చూసే అధికారం వాళ్లకు చట్టం ఇచ్చింది, సహకరించే బాధ్యత యజమాని మీద పెట్టింది. లీజు కాగితాలు, క్వారీ ప్లాను, పని ఆపినప్పుడు నాన్నగారు ఇచ్చిన నోటీసు నకలు, శాఖకు పంపిన పాత రిటర్నులు (పని లెక్కల నివేదికలు), మందుగుండు మ్యాగజైన్ (నిల్వ గది) ఉండి ఉంటే దాని లైసెన్సు, మిగిలిన సరుకు ఎవరికి అప్పజెప్పారో రాసిన రసీదు తీసుకెళ్లండి. 60 రోజులకు మించి పని ఆపేటప్పుడు కూడా 30 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. చిన్న క్వారీల్లో చాలామంది అది ఇవ్వరు. దొరకకపోతే దొరకలేదనే చెప్పండి. పాత తేదీ వేసి కొత్త కాగితం పుట్టించమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. నాన్నగారి మరణ ధ్రువపత్రం కూడా పెట్టుకుని, ఇప్పుడు బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఆ తర్వాత లోపాలు రాసిన ఉత్తరం వస్తుంది. అది చూసి భయపడొద్దు. ఏది ఎప్పటిలోగా సరిచేశారో ఫొటోలతో సహా గడువులోపు జవాబు రాయండి. జవాబు రాయని ఫైలే కోర్టు దాకా వెళుతుంది.

ఒక చిన్న మాట. 1952 నాటి గనుల చట్టం స్థానంలో కొత్త వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఇన్‌స్పెక్టర్ పేరు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. కాగితం మీద ఆ పేరు చూసి కంగారు పడకండి. నేను పైన చెప్పిన దూరాలు, గడువులు 1961 నాటి మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్లలోవి (బొగ్గు, చమురు కాని గనుల నిబంధనలు). కొత్త కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత రెగ్యులేషన్లు నడుస్తాయి. ఈ శాఖ పుట్టుకే చావుల్లోంచి జరిగింది. 1897లో కోలార్ బంగారు గనుల్లో 52 మంది, అదే కాలంలో బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనుల్లో 47 మంది పోయాక 1901లో మొదటి గనుల చట్టం చేశారు. 1902లో కలకత్తాలో ఆఫీసు తెరిచారు, 1908లో ధన్‌బాద్‌కు మార్చారు. మీ గుంత దగ్గరికి వచ్చే అధికారి వెనక ఇంత కథ ఉంది. ఆయన్ను వసూళ్లకొచ్చిన మనిషిలా చూడకండి.

ప్రశ్న: సైదాపురం దగ్గర మా పట్టా భూమిలో ఒకాయన లీజు తీసుకుని మైకా తవ్వాడు. గుంత, దానిలో నిలువుగా దిగిన బావి అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. ఇన్‌స్పెక్షన్‌కు వస్తే నన్ను పట్టుకుంటారా? ఊళ్లో ఆడవాళ్లు డంపు మీద తుక్కు మైకా ఏరుకోవడానికి వస్తున్నారు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, భూమి మాత్రమే మీదై, ఖనిజంలో మీకు వాటా లేకపోతే గనుల చట్టం మిమ్మల్ని గని యజమానిగా చూడదు. కౌలో, రాయల్టీయో మాత్రమే తీసుకున్నవాళ్లు కూడా యజమాని కిందికి రారు. యజమాని అంటే లీజుదారే. గని వదిలేసేటప్పుడు బావి నోటి చుట్టూ శాశ్వతంగా నిలిచే కట్టడం కట్టాల్సిందీ, ప్లాను నకలు భద్రత శాఖకు పంపాల్సిందీ ఆయనే. మీ లీజు కాగితం జిరాక్సు జతచేసి గనుల భద్రత శాఖకు ఒకటి, జిల్లా గనుల శాఖకు ఒకటి, తహసీల్దారుకు ఒకటి అర్జీ పెట్టండి. లీజుదారు కట్టిన డిపాజిట్ ఏమైనా గనుల శాఖ దగ్గర ఉందేమో అడగండి.

అర్జీ కదిలేదాకా మాత్రం ఆగకండి. బావి దగ్గరికి ఎవరూ వెళ్లకుండా దూరంగా కంప కొట్టి అడ్డం వేయించండి. నోటి దగ్గర పాత దుంగలు పుచ్చిపోయి ఉంటాయి, వాటి మీద కాలు పెట్టనివ్వొద్దు. గొర్రెపిల్ల పడిందని కూడా ఎవరినీ లోపలికి దించొద్దు. పాత బావుల్లో గాలి చెడి ఉంటుంది, దిగినవాడు పిలిచే లోపే స్పృహ తప్పుతాడు, కాపాడబోయిన రెండోవాడూ పోతాడు. డంపు మీద ఏరుకునేవాళ్లకు ఒక్కటి చెప్పండి. పైన ఏరుకుంటే ఏరుకోండి గానీ డంపు అడుగున తవ్వొద్దని. పైదంతా మీద కూలుతుంది.

ప్రశ్న: మా ఊరి కంకర క్వారీ 5 మీటర్ల లోతే. 6 మీటర్లు దాటకపోతే గనుల చట్టం వర్తించదట కదా?
– ఒక గ్రామస్థుడు

జవాబు: సగమే విన్నారు. కొత్త కోడ్ వచ్చేదాకా నడిచిన 1952 చట్టం 3వ సెక్షన్‌లో కంకర, ఇంటిరాయి, మొరం లాంటి వాటికి ఓపెన్ క్వారీల్లో ఇచ్చిన మినహాయింపుకు మూడు షరతులు ఉండేవి. లోతు ఎక్కడా 6 మీటర్లు దాటకూడదు. ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు. మందుగుండు వాడకూడదు. మూడూ ఉంటేనే మినహాయింపు. ఒక్క జిలెటిన్ స్టిక్ పేల్చినా అది పోతుంది. లోతు కూడా నీటి మట్టం దాకా కొలిచేది కాదు, అంచులో అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి నీళ్ల కింద అట్టడుగు దాకా కొలుస్తారు. అలా కొలిచి చూడండి, మీ 5 మీటర్లు 5గా నిలుస్తాయో లేదో. మైకా, క్వార్ట్జ్ ఆ మినహాయింపు జాబితాలోనే లేవు.