బట్ట తడపకముందు కత్తెర పట్టకు

బిడ్డా,

తండా ఆడోళ్లతోని లంబాడీ అద్దాల కుట్టుపని సంఘం పెడుతున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. సంతోషమైంది. ఆ ఎంబడే గుబులు పుట్టింది. కుట్టినామె కూలీ ఎట్ల పోతదో నాకు తెలుసు, అందుకే రాస్తున్న.

కాగితాల పని పెద్దది కాదు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేయాలంటే వేరువేరు కుటుంబాల నుంచి కనీసం పది మంది కావాలె. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించు, ఆ ఇద్దరు ఒక్క ఇంటోళ్లు కావొద్దు. కుట్టే ప్రతి మనిషికి పెహచాన్ కార్డు, అంటే చేతిపనోళ్లకు కేంద్ర సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డు, తీయించు.

ఇగ బట్ట సంగతి. నీకు తొందరెక్కువ. చిన్నప్పుడు ముగ్గు ఆరకముందే దాని మీద నడిచినదానివి, అందుకే భయం.

సంచులకు ఆర్డర్ వస్తది, పదిహేను రోజులే గడువు. ఎర్ర కాటన్ తాను తెచ్చి అట్లనే కత్తిరిస్తరు. సంచి చూడ ముచ్చటగుంటది. కొన్నామె ఒక్కసారి నీళ్లల్ల వేస్తే ఎరుపు దిగి తెల్లదారమంతా గులాబీ రంగైతది. పైబట్ట కుంచించుకుంటది, లోపలి అస్తరు కుంచించుకోదు, సంచి వంకర తిరుగుతది. దారం వదులై అద్దం ఊడుతది. సరుకు వాపస్ వస్తది. బట్ట అమ్మినోడు పైసలియ్యడు, దుకాణమోడు ఇయ్యడు. ఆఖరికి వారం రోజులు దీపం కాడ కండ్లు గుంజంగ కుట్టినామె కూలీలనే కోస్తరు. తప్పు ఆమెది కానే కాదు. ఈ పని నువ్వు చేయకు బిడ్డా.

తాను తేగానే రాత్రంతా నానబెట్టు. నీళ్లు తేటగయ్యేదాకా జాడించి, నీడకు ఆరబెట్టి, ఇస్త్రీ చేసినంకనే కత్తెర పట్టు. గంజి పోతే సూది కూడా అలకగ దిగుతది. దారానికి ఇంకో పరీక్షుంది: ప్రతి రంగుది జానెడు దారం తడిపి, తెల్లబట్టల మడిచి, వేడి ఇస్త్రీపెట్టె ఆనించు. మరక పడితే ఆ రంగు వాపస్ చేయి. ఉప్పునీళ్లల్ల వేస్తే ఆగుతదంటరు, నమ్మకు.

అద్దం మీద ముందేసే నిలువు, అడ్డం దారాలు నడిమికి దగ్గరుండాలె. చుట్టు కుట్టు వాటిని అంచుకు గుంజుతది. మొదలే అంచున వేస్తే అద్దం జారిపోతది. అంచు పదునుంటే దారం తెగుతది, రాయి మీద రుద్దించు.

కూలీకి, ఒకటే నమూనాను ముగ్గురితోని కుట్టించి గంటలు రాయి, వాటి సగటు మీద రేటు కట్టు. సరుకు చూసి తీసుకున్న రోజే పైసలియ్యి, అమ్ముడుపోయినంక కాదు. తీసుకున్నంక బయటపడ్డ నష్టం సంఘానిదే.

పాత ఫేటియాలు, అంటే లంబాడీ ఆడోళ్ల కుట్టుపని లంగాలు, కొంటమని బేరగాళ్లు తండాలకొస్తరు. అమ్మనియ్యకు, నమూనాలన్నీ వాటిల్లనే ఉన్నయి. ఇంకోటి, కర్ణాటకల సండూరు లంబానీ కుట్టుకు జీఐ గుర్తింపు ఉన్నది, అంటే ఆ పేరు ఆ జాగ సరుకుకే చెల్లుతది. ఆ పేరు మీ చీటీల మీద వేయకండి, దేవరకొండ అని రాయించు.

మొదటి తాను తడిపిన తెల్లారి ఫోన్ చెయ్యి. నీళ్లు ఏ రంగున్నయో చెప్పు.

మీ పెద్దమ్మ