మందు సంగతి తర్వాత, ముందు బాత్రూం సంగతి చెప్పండి

"22 ఏళ్ల అమ్మాయిని, హాస్టల్లో ఉంటాను, నాలుగు రోజులకోసారి గానీ మోషన్ కావడం లేదు, ఏ మందు వాడాలి?" అని అడిగారు. అసలు మీ హాస్టల్లో బాత్రూములు ఎలా ఉన్నాయి?

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునే రోజుల్లో నాదీ ఇదే బాధ. మా ఫ్లోర్‌లో 30 మందికి మూడు లెట్రిన్లు, ఒకదానికి గడియ పడదు. లోపలికెళ్లి రెండు నిమిషాలు కాకముందే "అక్కా, అయిందా?" అని తలుపు కొట్టేవాళ్లు. వచ్చినా ఆపుకునేదాన్ని. మెడికల్ షాపు బిళ్ల వేసుకుంటే ఆ రోజు కడుపు మెలిపెట్టి నీళ్లలా పోయేది, తర్వాత మళ్లీ మామూలే.

సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మ తెనాలిలో ఒక పెద్ద డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ చీటీ వెనక ఏడు బొమ్మలు గీశారు, మేక పెంటికల్లాంటి ఉండల నుంచి నీళ్ల విరేచనం దాకా. "నీది ఏది?" అన్నారు. సిగ్గుపడుతూనే మొదటిదాని మీద వేలు పెట్టాను. రక్తం పడుతోందా, బరువు తగ్గావా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా, ఇంకేం మాత్రలు వాడుతున్నావని అడిగారు. అప్పుడు గుర్తొచ్చాయి, నేను వేసుకుంటున్న ఐరన్ మాత్రలు. అవి కూడా మలాన్ని గట్టిపరుస్తాయట. థైరాయిడ్ వల్లేమోనని చేయించిన పరీక్ష నార్మలే వచ్చింది. పడుకోబెట్టి, పొట్ట కింద ఎడమవైపు నా చెయ్యే పెట్టించి "తగులుతోందా? ఇదంతా నువ్వు ఆపుకున్నదే" అన్నారు. నిజంగానే తాడులా గట్టిగా తగిలింది.

రెండు వారాలు మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ రాశారు. ఐరన్ రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. రాత్రి చెంచా ఇసబ్‌గోల్ గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, నీళ్లు తగ్గిస్తే అదే లోపల అడ్డుపడుతుంది. టిఫిన్ తిన్నాక పేగు బాగా కదులుతుంది కాబట్టి అరగంటలోపు వెళ్లి పది నిమిషాలు కూర్చోవాలి. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోవాలి.

ఇవన్నీ ఆ హాస్టల్లో కుదిరే పనేనా? నెలకు 800 ఎక్కువైనా అటాచ్డ్ బాత్రూం ఉన్నచోటికి మారాను. మూడు వారాల్లో దారిలో పడింది. హాస్టల్ అమ్మాయిల్లో ఎక్కువమంది బాధ ఇదేనని నా గట్టి నమ్మకం. చేర్పించడానికొచ్చే అమ్మానాన్నలు మెస్సు చూస్తారు, వైఫై అడుగుతారు, లెట్రిన్ తలుపు తీసి చూసినవాళ్లని నేనైతే చూడలేదు. ఫోన్లో మాత్రం "అరటిపండు తిను" అంటారు!

రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా ఇవేవీ ప్రయత్నించకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్తే మీరు వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.