ఫోటోలోని అమ్మాయి మీద కాదు, డబ్బు వెళ్లిన ఖాతా మీద ఫిర్యాదు చేయండి

ప్రశ్న: నాది చిత్తూరు, వయసు 31. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. ఒక ఉచిత డేటింగ్ యాప్‌లో తిరుపతి భవానీ నగర్‌లో ఉంటానన్న యువతి పరిచయమైంది. ఆమె సందేశాలు చదవాలంటే ప్లాను కొనాలని యాప్ అడిగితే రూ.499 కట్టాను. మర్నాడే సంభాషణ వేరే మెసేజింగ్ యాప్‌కు మారింది. తల్లి ఆసుపత్రి ఖర్చులంటే యూపీఐలో రూ.18,000 పంపాను. ఇప్పుడు ఇంకో రూ.40,000 ఇవ్వకపోతే నా ఫోటోలను అశ్లీలంగా మార్చి ఆఫీసువాళ్లకు పంపుతామని బెదిరిస్తున్నారు. డబ్బు పంపి రెండు రోజులైంది. ఫిర్యాదు చేస్తే ఇంట్లో తెలుస్తుందా? ఆమె ఫోటోను ఫేస్‌బుక్‌లో పెట్టి అందరినీ హెచ్చరించవచ్చా? ఇలాంటి ప్రొఫైళ్లను ముందే గుర్తించడం ఎలా?
– పేరు వేయవద్దని కోరిన పాఠకుడు

జవాబు: ఇది చదవడం ఇక్కడే ఆపి ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మిగతాది తీరికగా చదువుకోవచ్చు. యూపీఐ లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం చెబితే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. ఖాతాలో ఏమైనా మిగిలి ఉంటే దాన్ని కదలకుండా ఆపుతారు. ఈ ముఠాలు డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు గంటల్లో మళ్లిస్తాయి కాబట్టి రెండు రోజులు ఆలస్యమే. అలాగని ఊరుకోవద్దు. ఆ రూ.40,000లో ఒక్క రూపాయి కూడా పంపకండి. మొదటి విడత అందగానే సరిపెట్టుకునే బెదిరింపుదారులు ఉండరు, రెండో విడతకు ధర పెంచుతారు.

ఇంట్లో తెలుస్తుందన్న భయమే వీళ్లకు అసలు పెట్టుబడి. మీరు మేజరు. డేటింగ్ యాప్ వాడటం ఏ చట్టం కిందా నేరం కాదు. ఫిర్యాదుదారు తల్లిదండ్రులకు కబురు పెట్టాలన్న నిబంధన పోలీసులకు లేదు. ఎఫ్‌ఐఆర్‌లో మీ పేరు ఉంటుంది, అది దాచి చెప్పను. అయితే సంప్రదించడానికి మీరిచ్చే ఫోన్ నంబరు మీ ఇష్టం. ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగే నంబరు ఇవ్వకపోతే సరి.

నకిలీ ప్రొఫైల్ పెట్టి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 318(4) కింద మోసం, ఏడేళ్ల వరకు శిక్ష. మరో వ్యక్తిగా నటించినందుకు సెక్షన్ 319, ఆన్‌లైన్‌లో ఆ పని చేసినందుకు సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 66డీ, బెదిరించి డబ్బు అడిగినందుకు న్యాయ సంహిత సెక్షన్ 308 వర్తిస్తాయి. ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. అందువల్ల స్టేషన్‌లో ఎస్సై ‘సీఐ గారు చూడాలి’ అంటే తప్పించుకుంటున్నారని అనుకోవద్దు. ఫిర్యాదు తీసుకోవడానికి మాత్రం అది అడ్డు కాదు. ‘ఆ అమ్మాయిది తిరుపతి, అక్కడికే వెళ్లండి’ అనడమూ చెల్లదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. నిరాకరిస్తే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. అవమానంగా ఉందని సంభాషణలు చెరిపేయకండి. ఆ ఫోనే మీ సాక్ష్యం.

ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టే ఆలోచన వెంటనే మానుకోండి. ఆ ముఖం ఎవరిదో మీకు తెలియదు. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఎత్తుకొచ్చినది కావచ్చు. అలాగైతే ఐటీ చట్టం 66సీ (గుర్తింపు చౌర్యం) కింద ఆమె కూడా బాధితురాలే. ‘ఈమె మోసగత్తె’ అని మీరు రాస్తే పరువునష్టం కేసులో ముద్దాయి మీరవుతారు. న్యాయ సంహిత సెక్షన్ 356 అందుకే ఉంది. మోసగాడి దాకా తీసుకెళ్లే దారి ముఖం కాదు, మీ డబ్బు చేరిన ఖాతా. అదీ ఎవరో మోసగాళ్లకు అద్దెకిచ్చిన ఖాతాయే కావచ్చు, అయినా దర్యాప్తు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక గుర్తించడం గురించి. మీరు పంపిన సంభాషణ చూశాను. ‘కొండకు ఏ మెట్ల దారిలో వెళ్తారు?’ అని మీరు అడిగితే ‘నాకూ కొండలెక్కడం ఇష్టం. మీకు సముద్రం ఇష్టమా?’ అని జవాబు. భవానీ నగర్ మనిషైతే అలిపిరి అనో శ్రీవారి మెట్టు అనో అనేది. అదే వాక్యం రెండు రోజుల తరువాత అక్షరం తేడా లేకుండా మళ్లీ వచ్చింది. మీరు గమనించలేదు, మనసు పడ్డప్పుడు గమనించరు కూడా. కానీ ఇలాంటి ప్రశ్నలనే నమ్ముకోవద్దు. ఇప్పటి చాట్‌బాట్‌లు శ్రీవారి మెట్టు శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలవుతుందని కూడా చెప్పగలవు. ఫోటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే వేరే పేరుతో కనిపించవచ్చు. ఏఐ తయారుచేసిన ముఖమైతే ఎక్కడా దొరకదు, అంతమాత్రాన అసలైనదని కాదు. వీడియో కాల్‌లో ముఖం మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ఆ కాల్‌నే రికార్డు చేసి బెదిరించేవాళ్లూ ఉన్నారు. నేను పట్టించుకునే గుర్తులు రెండే: పరిచయమైన ఒకటి రెండు రోజుల్లోనే యాప్ బయటకు లాగడం, మనిషిని కలవకముందే డబ్బు మాట రావడం. రెండోది వచ్చాక ఇంకేదీ పరీక్షించనక్కరలేదు.

కొన్నాళ్లకు ‘సైబర్ పోలీసులం, మీ డబ్బు రికవరీ అయింది, ఫీజు కట్టండి’ అని ఫోన్ రావచ్చు. అదీ ఆ ముఠా పనే. డబ్బు నిజంగా ఆగి ఉంటే, దాన్ని విడిపించమని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు.

మీరు అడగకపోయినా ఆ రూ.499 సంగతి. యాప్‌ను ఉచితంగా వాడినంత కాలం మీరు వినియోగదారుడు కారు, డబ్బు కట్టాక అయ్యారు. చందాలు అమ్ముకోవడానికి కంపెనీలే నకిలీ మహిళల ప్రొఫైళ్లు నడుపుతాయా అంటే, అమెరికాలో యాష్లే మాడిసన్ అనే డేటింగ్ సైటుపై అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణల్లో అదీ ఒకటి. ఆ కేసు 2016లో రాజీతో ముగిసింది. మీ యాప్ కూడా అలా చేసిందని నేననను, రుజువు కావాలి. దొరికితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చిత్తూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు. ఈలోగా మీ యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి చూడండి. ఆ ప్లాను అక్కడ ఉంటే ఈ రోజే రద్దు చేయండి, చేయకపోతే వచ్చే నెల మరో రూ.499 పోతుంది.